పాత స్ప్లెండర్: హెడ్‌లైట్ బాగుంది, హారన్ మూలుగుతోంది, బ్యాటరీ నిలవట్లేదు

పాతబండి_గుంటూరు:
హీరో హోండా స్ప్లెండర్, 1999 మోడల్, కిక్కు బండి. హారన్ మూలుగుతోంది. ఇండికేటర్ కొట్టుకోకుండా వెలిగి అలాగే ఉండిపోతోంది. హెడ్‌లైట్ మాత్రం రేజ్ చేస్తే ఫుల్లుగా వస్తోంది. బ్యాటరీ కొత్తదే, 12 వోల్టులు, 2.5 ఏహెచ్ (ఆంపియర్-అవర్). ఛార్జింగ్ పెట్టించి బిగించినా కొన్నాళ్లకే డౌన్. కాయిల్ ప్లేట్ మార్చాలంటున్నారు. ఇంజన్ వేడెక్కాక అప్పుడప్పుడు ఆగిపోతోంది కూడా. రెండింటికీ కారణం ఒకటేనా?

కాయిల్‌కట్ట:
కాదండీ, రెండూ వేరు. ఈ బండిలో మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరిగే అయస్కాంతం) కింద ప్లేటు మీదున్న కాయిల్స్ మూడు పనులు చేస్తాయి. నలుపు-ఎరుపు వైరు సీడీఐకి (స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ డబ్బాకి) వెళ్తుంది, ప్లగ్‌లో స్పార్క్ దానిదే. దానికి బ్యాటరీతో పనిలేదు, అందుకే బ్యాటరీ చచ్చినా కిక్కుకు బండి అందుకుంటుంది. పసుపు వైరు హెడ్‌లైట్‌కు, ఏసీ కరెంటు. తెలుపు వైరు ఆర్‌ఆర్ యూనిట్‌కు (రెగ్యులేటర్-రెక్టిఫైయర్) వెళ్లి, డీసీగా మారి ఎర్ర వైరులో బ్యాటరీకి చేరుతుంది. హెడ్‌లైట్ రేజ్‌తో పెరుగుతోందంటే మాగ్నెట్, పసుపు వైండింగ్ బాగున్నట్టే. కాయిల్ ప్లేట్ జోలికి ఇప్పుడే పోకండి.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి నేరుగా బ్యాటరీ టెర్మినల్స్ మీద మూడు రీడింగులు తీయండి: ఇంజన్ ఆపి, హారన్ నొక్కి పట్టుకుని, ఇంజన్ స్టార్ట్ చేసి రేజ్ ఇచ్చి. ఫుల్ ఛార్జ్ బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6 పైన చూపాలి. 12.2 అంటే సగం. రేజ్‌లో 13.5 నుంచి 14.5 దాకా ఎక్కాలి. కదలకపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, యాసిడ్ ఉడుకుతుంది, బల్బులు ఒక్కొక్కటే మాడతాయి.

ఓరుగల్లు_స్పార్క్:
అన్నా, ముందుగాల ఎర్త్ (బ్యాటరీ మైనస్ బండి బాడీకి కలిసే చోటు) చూస్కో. ఇంజన్ నడుస్తుండగా మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఇంజన్ మీద పెయింట్ లేని బోల్టుకు పెట్టు. 0.2 వోల్టు దాటొద్దు. దాటిందంటే ఆకుపచ్చ వైరు రింగు ఇప్పి, కింద తుప్పు ఉప్పుకాగితంతో గీకి, బిగించినంక పైన వాసెలిన్ రాయి. ఈ బండ్లల్ల ఎర్త్ అంటే ఆకుపచ్చ. నలుపు వైరును ఎర్త్ అనుకుని కలిపితే ఫ్యూజు పోతది, అది తాళం దాటి వచ్చే ప్లస్.

పాతబండి_గుంటూరు:
ఇంజన్ ఆపితే 12.1. హారన్ నొక్కితే 12.0. రేజ్ ఇస్తే 12.2. ఎర్త్ 0.05.

కాయిల్‌కట్ట:
అసలు సంగతి రెండో రీడింగులో ఉంది. బ్యాటరీ బలహీనమై హారన్ మూలుగుతుంటే, నొక్కినప్పుడు బ్యాటరీ వోల్టేజీ 11 కిందికి జారాలి. మీది 12.0 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీ ఇవ్వగలదు, కరెంటు బయటికి రావట్లేదు. దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఆ దారిలోనే ఛార్జింగ్ కూడా వెనక్కి రావాలి కాబట్టి అదీ ఆగింది.

ఇంజన్ నడుస్తుండగా ఆర్‌ఆర్ కప్లర్ (వైర్లు గుచ్చే ప్లాస్టిక్ జాయింటు) వెనక నుంచి ఎర్ర వైరు పిన్ను మీద మీటర్ పెట్టండి. అక్కడ 14 పైన ఉండి బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే ఆర్‌ఆర్ యూనిట్ నిక్షేపంగా ఉంది, తేడా మధ్య వైరులోది. రేజ్ ఇస్తే న్యూట్రల్ లైటు వెలుగు పెరిగి హారన్ కాస్త గట్టిగా మోగినా అదే గుర్తు. అక్కడా 12 దగ్గరే ఉంటే తెలుపు పిన్ను మీద ఏసీ వోల్టేజీ చూడండి. రేజ్‌తో పెరుగుతుంటే అప్పుడే ఆర్‌ఆర్‌ను అనుమానించాలి.

ఉప్పుకాగితం:
ఇంజన్ ఆపి ఈ వైర్లను మీటర్ ఒక్కదానితో చెక్ చేస్తే మోసపోతారు. పది పోగుల్లో ఒక్కటే మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది, దానికి కావలసిన కరెంటు దాదాపు సున్నా. 10 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు సోల్డర్ చేసి టెస్ట్ ల్యాంపు కట్టుకోండి. ఫ్యూజుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెట్టండి. తర్వాత మసకబారితే తప్పు ఫ్యూజు హోల్డర్‌దే. గాజు ఫ్యూజు తీగ తెగకపోయినా హోల్డర్ స్ప్రింగ్ తుప్పు పట్టి ఈ పని చేస్తుంది.

లీకేజీ కూడా చూడండి. తాళం ఆఫ్ చేసి, మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో కలిపి, తర్వాత మిల్లీకి తగ్గించండి. గడియారం లాంటివేవీ లేని బండి, సున్నా రావాలి. 50 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకు 1.2 ఏహెచ్, రెండు రోజుల్లో మీ బ్యాటరీ ఖాళీ. ఆర్‌ఆర్ కప్లర్ పీకగానే సున్నా అయితే లోపల డయోడ్ లీకవుతోంది. మీటర్ మిల్లీ రేంజ్‌లో ఉండగా తాళం తిప్పకండి, మీటర్‌లో ఫ్యూజు పోతుంది.

సందులో_బుల్లెట్:
ఇంత తిప్పలెందుకు బ్రో, మొత్తం డీసీ చేసి ఎల్‌ఈడీ పెట్టించుకుంటే పోలా?

కాయిల్‌కట్ట:
పోదు. ఉన్న 35 వాట్ల హెడ్‌లైట్‌ను బ్యాటరీ మీద వేస్తే సుమారు 2.9 ఆంపియర్లు. 2.5 ఏహెచ్ బ్యాటరీ గంట కూడా ఆగదు, ఛార్జింగ్ వైండింగ్ ఇచ్చేది సగం తరంగమే. సరిగ్గా చేయాలంటే కాయిల్ ఎర్త్ కొనను ప్లేట్ నుంచి విడదీసి, ఫుల్‌వేవ్ ఆర్‌ఆర్ వేయాలి. మాగ్నెట్ పుల్లర్ (మాగ్నెట్ ఊడదీసే పనిముట్టు) లేకుండా ఆ పనికి దిగొద్దు. ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేస్తే ఫ్లాషర్ కూడా ఎలక్ట్రానిక్‌ది మార్చాలి, లేదంటే సరిగ్గా కొట్టుకోవు. పాత ఫాల్టు తీయకుండా ఇవన్నీ ఎందుకు చెప్పండి.

ఓరుగల్లు_స్పార్క్:
వేడికి ఆగుడు సంగతి. ఆగిన వెంటనే ట్యాంకు మూత తీసి కిక్కు కొట్టు. అందుకుంటే గాలి రంధ్రం మూసుకుంది, కరెంటు కాదు. అందుకోకపోతే ప్లగ్ ఇప్పి, క్యాప్‌లో పెట్టి, ఇంజన్‌కు ఆనించి స్పార్క్ చూడు. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టు, పెట్రోల్ ఆవిరి అంటుకుంటది. స్పార్క్ లేకుంటే సీడీఐ కప్లర్ నుంచి నలుపు-తెలుపు పిన్ను ఒక్కటే బయటికి తియ్యి. తాళం ఆఫ్ చేస్తే ఆ వైరు ఎర్త్ అయి బండి ఆగుతది. తాళం సెట్‌లో తడి, తుప్పు ఉంటే నడుస్తుండగనే ఎర్త్ అయితది. పిన్ను తీసినంక స్పార్క్ వస్తే తాళం సెట్‌దే తప్పు. అట్ల పెట్టి తాళంతో ఆపలేవు, టాప్ గేరులో బ్రేకు పట్టి క్లచ్ వదలాలె. అప్పటికీ రాకపోతే పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో సీడీఐకి చెప్పేది) ఓమ్స్ చల్లగున్నప్పుడు, వేడి మీద కొలువు. వేడి మీద ఓపెన్ (తీగ తెగినట్టు) చూపితే కాయిల్ పోయినట్టే. కిక్కు కొట్టేటప్పుడు నలుపు-ఎరుపు వైరు ముట్టకు, గట్టిగ కొడతది.

పాతబండి_గుంటూరు:
ఆర్‌ఆర్ దగ్గర 14.6, బ్యాటరీ దగ్గర 12.2. టెస్ట్ ల్యాంపు ఫ్యూజుకు ముందు ఫుల్లు, తర్వాత మిణుగురు. హోల్డర్ స్ప్రింగ్ ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉంది. గీకి పెడితే రేజ్‌లో 14.0 వస్తోంది. లీకేజీ సున్నా. నలుపు-తెలుపు పిన్ను ఈసారి ఆగినప్పుడు తీసి చూస్తాను.

ఉప్పుకాగితం:
గీకిన స్ప్రింగ్ మళ్లీ తుప్పు పడుతుంది. మూతున్న బ్లేడ్ ఫ్యూజు హోల్డర్ వేయండి, పాత ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో అదే. వైర్లు మెలితిప్పి టేపు చుట్టకుండా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే అలవాటుంటే మానేయండి, షార్ట్ అయితే కాలేది సీటు కింద వైరింగే. బ్యాటరీని ఒకసారి బయట 0.25 ఆంపియర్ల దగ్గర నిదానంగా ఛార్జ్ చేసి పెట్టండి, సగం ఛార్జ్‌లో చాలాకాలం ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గడ్డకడుతుంది.