స్పిట్‌ఫైర్ ఎడమ రెక్క విరిగింది: అతకాలా, కొత్తది కట్టాలా?

పర్లాకిమిడి_పైలట్:
ఆదివారం పొద్దున్న కోతైపోయిన మడిలో దింపుతుంటే అడ్డగాలి కొట్టింది. గట్టు మీది తాటిచెట్టుకి ఎడమ రెక్క తగిలింది. 1.6 మీటర్ల ఎగిరే మోడల్ అది, రెండో యుద్ధంలో బర్మా వైపు ఎగిరిన స్పిట్‌ఫైర్ మార్క్ 8 యుద్ధవిమానానికి నకలు. బాల్సా అనే తేలిక చెక్కతో రెండేళ్ళు రాత్రుళ్ళు కూర్చుని కట్టుకున్నది. ఫొటో పెట్టేను. లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు) నుజ్జు, మూడు రిబ్బులు (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు) పోయాయి, మొదలుకి జానెడు దూరంలో కింది స్పార్ (రెక్క పొడుగునా ఉండే దూలం) విరిగింది, రీట్రాక్ట్ (చక్రాన్ని లోపలికి ముడిచే సరంజామా) బిగించిన ప్లై పలక ఊడొచ్చింది.
నాలుగు సందేహాలు. స్పార్ అతికితే ఆగుతుందా? జిగురేది? రీట్రాక్ట్ పలక మళ్ళీ ఎలా కూర్చోబెట్టాలి? రెక్క మీద అంటించే కవరింగ్ రంగు పాతదాంతో కలుస్తుందా?

గుణుపురం_గాలిపటం:
అయ్యో బాబూ. రెక్క సంగతి తరవాత, ముందు బ్యాటరీ చూసేవా? పోయినేడు నాది పడ్డప్పుడు రెక్క ముందేసుకుని ఏడుస్తూ కూర్చున్నాను, లైపో ఉబ్బిందని రాత్రిగ్గాని చూళ్ళేదు. అంటుకుంటుందేమోనని ఇసుక బాల్చీలో పడేసి పెరట్లో పెట్టి, ఇంటిల్లిపాదీ కిటికీలోంచి దాన్నే చూస్తూ తెల్లారబెట్టేం.

బరంపురం_బాల్సా:
స్పార్ అతకొచ్చు, నిక్షేపంలా ఆగుతుంది. విరిగిన కొసలు రెండూ ఎదురెదురుగా ముట్టించి అంటిస్తే మాత్రం ఆగదు. రెండు ముక్కల్నీ ఏటవాలుగా చెక్కాలి. స్పార్ మందం 6 మిల్లీమీటర్లైతే అతుకు పొడవు 6, 7 సెంటీమీటర్లుండాలి. రెండు పక్కలా పల్చటి ప్లై చెంపలు వెయ్యి. జిగురు 30 నిమిషాల ఎపాక్సీ, ఇంకోటి వద్దు. సీఏ (క్షణంలో పట్టేసే సూపర్ గ్లూ) స్పార్‌కి పనికిరాదు, పెళుసు.
పై స్పార్‌కీ కింది స్పార్‌కీ మధ్య అంటించే పల్చటి పలక, షియర్ వెబ్, దాని నార నిలువుగా ఉండాలి. నేనొకసారి అడ్డంగా పెట్టేను. లూప్ తిప్పి పైకి లాగేసరికి రెక్కలు రెండూ చేతులెత్తి దణ్ణం పెట్టేయి.

ఇచ్ఛాపురం_ఇంజనీర్:
ఎపాక్సీ ఎపాక్సీ అని ఒకటే జపం. బరువు ఎవడు మోస్తాడు? ఫెవికాల్ మెరైన్ రాసి, క్లిప్పులు బిగించి, ఒక రాత్రి వదిలెయ్. చెక్క విరగాలిగాని అతుకు విరగదు. పదేళ్ళ అనుభవంతో చెప్తున్నా.

బరంపురం_బాల్సా:
పదేళ్ళూ ఎండాకాలంలోనే అతికేవేమో. శ్రావణంలో మా ఊరొచ్చి ఆ ఫెవికాల్ ఒక రాత్రిలో ఆరబెట్టి చూపించు.

సునాబెడ_మాస్టారు:
పిల్లలూ, కొట్టుకోకండి. ముప్పయ్యేళ్ళు విమానాల మధ్య బతికినవాణ్ణి, నా మాట వినండి. మస్కిటో అని రెండో యుద్ధంలో చెక్క విమానం ఉండేది. దాని బాడీ మీకు తెలిసిన బాల్సాయే, రెండు వైపులా ప్లై. 1944లో మన దేశంలో వాటి రెక్కలు గాల్లోనే ఊడిపోతుంటే నవంబరులో అన్నిటినీ నేల మీద ఆపేశారు. కారణం జిగురన్నారు. మన వేడికీ తేమకీ అప్పటి కేసిన్ జిగురు, పాలతో చేసేది, తట్టుకోలేదని. కాబట్టి బరంపురం అబ్బాయి చెప్పిందే రైటు.

జయపురం_జెట్:
మాస్టారూ, సగమే చెప్పేరు. విచారించినవాళ్ళు అతుకుల దగ్గర చెక్క చెక్కకి సరిగా ఆనలేదని కూడా తేల్చేరు. సందులున్న చోట ఏ జిగురు పోసినా ఒకటే. పైలట్ తమ్ముడికి కావలసిన మాట అది. ముందు అతుకు పొడిగానే కూర్చి, వెనక టార్చి వేసి చూడు. వెలుగు కనిపిస్తే మళ్ళీ చెక్కు.
ఇంకోటి. ఏమీ అనుకోకండి గాని, సునాబెడలో తయారయ్యేవి మిగ్ ఇంజన్లు. రెక్కలు కట్టింది నాసిక్‌లో.

సునాబెడ_మాస్టారు:
ఇంజన్ పనివాడికి రెక్క తెలీదా? అసలు స్పిట్‌ఫైర్ స్పార్ ఎలా ఉంటుందో చెప్పు చూద్దాం. నలుచదరపు గొట్టాలు ఒకదాన్లో ఒకటి దూర్చి చేస్తారు. మొదట్లో అయిదు, కొసకి పోతున్నకొద్దీ ఒక్కోటీ ఆగిపోతుంది. బలం కావలసిన చోటే బరువు. చెంపలేసేటప్పుడు ఆ లెక్కే పాటించాలి, ఠక్కున ఒక్కచోట ఆపకూడదు, కొసలు సన్నగా చెక్కి వదలాలి. లేకపోతే చెంప ఆగిన చోటే మళ్ళీ విరుగుతుంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ పని చేస్తున్నాను.

జయపురం_జెట్:
ఇది మాత్రం బంగారం లాంటి మాట. పుట్టకముందు సంగతి వదిలేద్దాం.

రాయగడ_రేడియో:
బాల్సాకి ఎందుకు డబ్బు తగలేస్తారు? కలకత్తా నుంచి తెప్పిస్తే సగం షీట్లు దార్లోనే విరిగొస్తాయి. ఇక్కడ ఒడియా పెళ్ళిళ్ళకి ముకుటాలు చేస్తారే, ఆ జీలుగు బెండు వాడండి. బాల్సా కంటే తేలిక, బ్లేడుతో వెన్నలా తెగుతుంది.

గుణుపురం_గాలిపటం:
జీలుగా? కల్లు తీసే చెట్టు కదా అది! దాని మానుతో రెక్క కడితే విమానం కూడా తూలుతుంది.

ఇచ్ఛాపురం_ఇంజనీర్:
కల్లేటి? జీలుగంటే పొలంలో చల్లి, పూతకి ముందు కలియదున్నేస్తాం, పచ్చిరొట్ట ఎరువు. దాంతో రెక్కలేటి?

రాయగడ_రేడియో:
ఇద్దరూ తప్పే. నేను చెప్పింది చెరువుల్లో మొలిచేది. తెల్లటి బెండు. దొరల టోపీలు చేసింది దాంతోనే.

బరంపురం_బాల్సా:
తెలుసులే. టోపీకి సరే, స్పార్‌కి పెడతావా? బాల్సాలో పొడుగునా నార ఉంటుంది, అదే లాగుడు తట్టుకుంటుంది. బెండులో ఏముంది? వేలితో నొక్కితే పుటుక్కుమంటుంది. నీ మాట విని ఎగరేస్తే ఆ మడిలోనే బెండు తీస్తుంది.

రాయగడ_రేడియో:
స్పార్‌కని నేను అన్నానా? చదవడం రాకపోతే మాట్లాడకు. వింగ్‌టిప్‌కీ (రెక్క కొస) ఫెయిరింగులకీ (అతుకుల మీది నున్నటి తొడుగులు) చెప్పేను. నా హరికేన్ మోడల్ రెక్క కొసలు రెండూ బెండువే, మూడేళ్ళయింది.

బరంపురం_బాల్సా:
పై పోస్టులో ఎక్కడా వింగ్‌టిప్ మాట లేదు. ఇప్పుడు కలిపేవు.

గుణుపురం_గాలిపటం:
మూడేళ్ళలో ఎన్నిసార్లు ఎగరేసేవో కూడా చెప్పు. మీ ఆవిడ చెప్పింది, షోకేసులో ఉందిట.

రాయగడ_రేడియో:
మా ఆవిడని మధ్యలోకి లాగొద్దు.

జయపురం_జెట్:
ఫొటో ఇప్పుడే పెద్దది చేసి చూసేను. తమ్ముడూ, ఇది బర్మా వైపు ఎగిరిన మార్క్ 8 అన్నావు, మరి గుండ్రటి గుర్తు మధ్యలో ఎరుపేటి? జపాన్ వాళ్ళ ఎర్ర సూర్యుడనుకుని సొంతవాళ్ళే కాల్చేస్తారని ఈ వైపు విమానాల మీద ఎరుపు తీసేశారు. ముదురు నీలం, లేత నీలం, అంతే. మన 8వ నంబరు స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లూ అలాగే. ఎలాగూ కవరింగ్ మారుస్తున్నావు కాబట్టి సరిచేసుకో.

పర్లాకిమిడి_పైలట్:
అన్నా, రెక్కే లేదు, గుర్తు రంగు గురించి అడుగుతున్నావు.

ఇచ్ఛాపురం_ఇంజనీర్:
విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. మా తాత చెప్పేవాడు, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి జనం మావైపు వచ్చేశారని. ఎరుపు చూస్తే భయం ఉండదా మరి.

బరంపురం_బాల్సా:
దారి తప్పేం. పైలట్, నుజ్జయిన చోట షీటింగ్ (రెక్క మీది పల్చటి బాల్సా పొర) అంతా పీకెయ్యకు. సొట్ట మాత్రమే పడ్డ చోట తడిగుడ్డ వేసి కవరింగ్ ఇస్త్రీపెట్టె ఆనించు, ఆవిరికి బాల్సా మళ్ళీ ఉబ్బుతుంది. రిబ్బులకి కుడి రెక్కవి కాగితం మీద అచ్చు తీసి, తిరగేసి కోసుకో.
అతికేటప్పుడు రెక్క చదును బల్ల మీదే ఉండాలి, కొస కింద చెక్క చీలిక పెట్టి. అసలు స్పిట్‌ఫైర్ రెక్క ముందంచు మొదట్లో రెండు డిగ్రీలు పైకి, కొసన అర డిగ్రీ కిందికి తిరిగి ఉంటుంది. ఆ మెలిక పోగొడితే దిగేటప్పుడు మందగించగానే ఒక రెక్క వాలిపోతుంది. కుడిదాంతో కోణం కొలిచి సరిచూడు.

పర్లాకిమిడి_పైలట్:
అలాగే చేసేను. మాస్టారు చెప్పినట్టు చెంపల కొసలు సన్నగా తీసేను, జయపురం అన్న చెప్పినట్టు టార్చి వేసి మూడుసార్లు చెక్కేను. జిగురు ఎపాక్సీయే, ఇచ్ఛాపురం అన్న క్షమించాలి. నిన్న ముక్కూ తోకా పట్టుకుని లేపి చూస్తే ఎడమ పక్కకి వాలుతోంది. కుడి కొసలో 9 గ్రాముల సీసం పెడితే నిలబడింది.

ఇచ్ఛాపురం_ఇంజనీర్:
ఆ 9 గ్రాములూ ఎపాక్సీవే. చెప్పేనా?

పర్లాకిమిడి_పైలట్:
నా మూడో ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. రీట్రాక్ట్ పలక?

సునాబెడ_మాస్టారు:
పలకని ఒక్క రిబ్బుకి అంటిస్తే మళ్ళీ ఊడుతుంది. రెండు రిబ్బులకీ 3 మిల్లీమీటర్ల ప్లై చెంపలేసి, పలకని స్పార్‌కి కూడా ఆనించి, మూలల్లో త్రికోణం చెక్కలు పెట్టు. పలకని బిగించే మరలు నైలాన్‌వి వాడు. తాడిచెట్టు మళ్ళీ తగిలితే మర తెగుతుంది, రెక్క మిగులుతుంది.

రాయగడ_రేడియో:
ఆ త్రికోణాలకి బెండు పనికొస్తుందేమో, ఒకసారి చూడు.