మోకాలి ఎక్స్‌రేలో ‘మచ్చ’ అన్నారు, వాలీబాల్ ఆడే పిల్లాడు: ఎంఆర్ఐ అవసరమా?

ప్రశ్న (విజయవాడ, పటమట): బాబుకి 14 ఏళ్లు. వేసవి శిబిరంలో సిమెంటు కోర్టు మీద వాలీబాల్ ఆడాడు. రెండు నెలలుగా ఎగిరినప్పుడల్లా మోకాలిచిప్ప కింద బొడిపె దగ్గర నొప్పి. ఎక్స్‌రే రిపోర్టులో తొడ ఎముక కింది భాగంలో, ఒక పక్కగా, 26 మి.మీ. మచ్చ, చుట్టూ తెల్లటి అంచు అని ఉంది. ‘నాన్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా’ అని రాసి ప్రశ్నార్థకం పెట్టారు. ఫైబ్రోమా అంటే గడ్డేగా అని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు (ఎముకల విభాగం): ముందు ఒకటి గమనించండి. మచ్చ తొడ ఎముకలో ఉంది, నొప్పి చిప్ప కింద కాలి ఎముక మీద. ఆ బొడిపె మీద వేలితో నొక్కితే నొప్పి పుడితే అది చాలావరకు ఆస్గుడ్ ష్లాటర్ అనే సమస్య. తొడ కండరం స్నాయువు ఎదుగుతున్న ఎముకను పదే పదే లాగడం వల్ల వస్తుంది. ఫైబ్రోమా అంటే ఎముకలో కొంత చోట పీచులాంటి కణజాలం ఉండటం; అక్కడ ఎముక విరగనంత వరకు సాధారణంగా నొప్పి పెట్టదు, వేరే పని మీద తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా కనబడుతుంది. పెద్దయ్యేకొద్దీ ఎముక నిండి మాసిపోతుంది. పేరు చూసి క్యాన్సర్ అనుకోకండి.

మచ్చ ఎముక బయటి గట్టి పొర దగ్గర ఒక పక్కకి ఉండి, అంచు సన్నగా తెల్లగా స్పష్టంగా ఉంటే, చాలావరకు ఎక్స్‌రేతోనే తేలిపోతుంది. ఎంఆర్ఐ ఎప్పుడంటే: అంచు చెదిరి ఉంటే, ఎముక పైపొర లేచి ఉంటే, బయట మెత్తటి గడ్డ ఉంటే, లేదా నొప్పి సరిగ్గా ఆ మచ్చ మీదే ఉంటే. రాత్రి నిద్ర లేపే నొప్పి, విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, వారం వారం పెరిగే వాపు ఉంటే అదే వారం చూపించండి. ఈ వయసులో ఎముక క్యాన్సర్ ఎక్కువగా మోకాలి చుట్టూనే వస్తుంది కాబట్టి వీటిని తేలిగ్గా తీసుకోకూడదు.

మచ్చ ఎముక అడ్డుకొలతలో సగానికి మించితే విరిగే భయం ఉంటుంది, అప్పుడు ఆట ఆపమంటారు. 26 మి.మీ. నిలువు కొలతా, అడ్డు కొలతా అన్నది రిపోర్టులో చూడండి. ఇలాంటివి చాలా ఎముకల్లో ఉండి, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు కూడా ఉంటే పిల్లల డాక్టరుకి తప్పక చెప్పండి.

జవాబు (ఫిజియో): ఆట పూర్తిగా మాన్పించనక్కర్లేదు. ఎగరడాలు సగానికి తగ్గించండి. నొప్పి పదికి మూడు దాటినా, మర్నాడు పొద్దున దాకా ఉన్నా ఆ రోజు ఎక్కువైనట్టే. ఐస్ గుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు. తొడ ముందు కండరం సాగదీయడం 30 సెకన్లు, మూడుసార్లు, రోజూ. బొడిపె మాత్రం తర్వాత కూడా మిగలొచ్చు, అది సమస్య కాదు. పుత్తూరు కట్టు, నూనె మర్దనా వద్దు. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకల నుంచి కూడా వచ్చే ఎంజైమ్) పెద్దల లెక్క కంటే ఎక్కువ కనిపిస్తే కంగారుపడకండి, ఎదిగే పిల్లలకి అది మామూలే.

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట): మా పాపకి 13, బ్యాడ్మింటన్. తొడ ఎముక కింది భాగంలో, వెనక లోపలి పక్క పైపొర గరుకుగా ఉందని, బయాప్సీ చేస్తే మంచిదని ఎవరో అన్నారు.

జవాబు (రేడియాలజీ): తొందరపడకండి. అక్కడ పిక్క కండరం లోపలి తల అతుక్కుంటుంది, లాగుడుకి పైపొర గరుకెక్కుతుంది. దీన్నే కార్టికల్ డెస్మాయిడ్ అంటారు, ఇది బయాప్సీ కోసం ముట్టుకోకూడని వాటి జాబితాలో ఉంటుంది. ముక్క తీస్తే సూక్ష్మదర్శినిలో మానుతున్న ఎముక చురుగ్గా కనిపించి క్యాన్సరేమో అని తప్పుదోవ పట్టించవచ్చు. రెండో మోకాలి ఎక్స్‌రే తీస్తే తరచు అదే గరుకు అక్కడా దొరుకుతుంది, కొన్నిసార్లు దాంతోనే సందేహం తీరుతుంది.

అలాగే ఎంఆర్ఐలో ఎదుగుదల పలక (ఎముక పొడవు పెరిగే చోటు) పక్కన ఎర్ర మజ్జ (రక్తం తయారయ్యే మజ్జ) మచ్చలు మచ్చలుగా కనిపిస్తే, టీ1 అనే రకం ఎంఆర్ఐ బొమ్మలో అది పక్క కండరం కంటే ప్రకాశంగా ఉందో లేదో రేడియాలజిస్టుని అడగండి. ప్రకాశంగా ఉంటే సాధారణంగా మామూలు మజ్జే. కండరం కంటే నల్లగా ఉంటే ఇంకా చూడాలి. ఇంకొకటి, చిప్ప పై బయటి మూలలో గుండ్రటి అంచులతో విడి ముక్క ఉంటే అది చాలామట్టుకు పుట్టుకతో వచ్చిన రెండు ముక్కల చిప్ప, విరిగినది కాదు.

ప్రశ్న (పటమట): మళ్లీ ఎప్పుడు తీయించాలి?

జవాబు (ఎముకల విభాగం): సందేహం మిగిలితే ఆరు నెలలకి, అదే రెండు భంగిమలు, ముందు నుంచీ పక్క నుంచీ. పాత ఎక్స్‌రే సీడీ వెంట తీసుకెళ్లండి, వాట్సాప్ ఫొటో చాలదు. తుంటి కూడా కదిపి చూడమనండి, తుంటి జారినా కొందరు పిల్లలు నొప్పి ఎక్కడంటే మోకాలినే చూపిస్తారు.