అవాంగార్డ్ చిత్రకారులు ఎన్‌లైటెన్‌మెంట్‌కి వారసులా, శత్రువులా?

ఏయూ_ఫైన్‌ఆర్ట్స్:
ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. వచ్చే వారం నా సెమినార్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కళలో పాత పద్ధతుల్ని తెంచుకున్న అవాంగార్డ్ ఉద్యమాల మీద, హేతువుని నమ్మమన్న పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ ఆలోచనా ఉద్యమం ఎన్‌లైటెన్‌మెంట్ ప్రభావం గురించి మాట్లాడాలి. చదివే కొద్దీ గందరగోళంగా ఉంది. ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించకుండా సొంత బుద్ధి వాడమని జర్మన్ తత్వవేత్త కాంట్ 1784లో రాశాడు. పాతదాన్నంతా నిలదీసిన ఈ చిత్రకారులు ఆ మాటే పాటించినట్టున్నారు. కానీ 1916లో జ్యూరిక్‌లో చేరిన డాడా అనే కళా ఉద్యమంవాళ్లు ఆ బుద్ధే యూరప్‌ని మొదటి ప్రపంచ యుద్ధంలోకి దింపిందన్నారు. ఏ వైపు తీసుకోమంటారు? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎంవీపీ_రీడర్:
ముందు ఆధునికతనీ ఎన్‌లైటెన్‌మెంట్‌నీ విడదీసి చూడండి. ఇటలీలో వేగాన్నీ యంత్రాన్నీ కొలిచిన ఫ్యూచరిస్టులున్నారు కదా, 1909 మేనిఫెస్టోలో వాళ్ల నాయకుడు మారినెట్టి రేసు కారు గ్రీకు విజయదేవత శిల్పం కంటే అందమైనదన్నాడు, మ్యూజియంలు కూల్చాలన్నాడు, యుద్ధాన్ని పొగిడాడు. యంత్రాన్ని నెత్తికెత్తుకుని విచక్షణని వదిలేశారు. వాళ్లలో గొప్ప శిల్పి బొచ్చోని 1916లో సైనిక శిక్షణలో గుర్రం మీంచి పడి చనిపోయాడు.

సింధియా_డ్రాఫ్ట్స్‌మన్:
అమ్మా, నేను షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసిన గీత మీంచే చెబుతాను.

ఓడలో ఏ భాగాన్నయినా మేం మూడు వైపుల నుంచి గీస్తాం: ప్లాన్, ఎలివేషన్, సైడ్ వ్యూ. గీసినవాడు పక్కన లేకపోయినా ఫిట్టరు ఆ షీటు చదివి పని చేసుకుపోతాడు. ఈ పద్ధతికి శాస్త్రం కట్టినవాడు గాస్పార్ మోంజ్, ఫ్రెంచి విప్లవం నాటి గణితవేత్త. అంతకుముందే ఫ్రెంచి రచయిత దిదరో తన ఎన్‌సైక్లోపీడియాకి 11 సంపుటాల బొమ్మలు వేయించాడు. కమ్మరి కొలిమి, వడ్రంగి పనిముట్లు, అన్నీ విప్పి చూపించాడు. పనితనం ఒక ఇంటి గుట్టుగా ఉండిపోకూడదు, చూసిన ప్రతివాడికీ అర్థం కావాలి. నా దృష్టిలో ఎన్‌లైటెన్‌మెంట్ అంటే ముందు అదే.

ఆ గీతని ప్రాణంగా నమ్మినవాడు రష్యన్ కళాకారుడు తాత్లిన్. కుర్రతనంలో ఓడల మీద పనిచేశాడు కాబట్టి నాకు మరీ అభిమానం. రష్యన్ విప్లవం తర్వాత 400 మీటర్ల ఇనుప గోపురం తలపెట్టాడు. లోపల గాజు గదులు. ఒకటి ఏడాదికో చుట్టు, ఇంకొకటి నెలకో చుట్టు, మరొకటి రోజుకో చుట్టు తిరగాలి. 1920లో పెత్రోగ్రాద్‌లో చెక్క నమూనా చూపించారు గానీ అసలు గోపురం లేవలేదు. యుద్ధాలతో చితికిపోయిన దేశంలో అంత ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా లెక్కతో, పనిముట్టుతో మనిషి బతుకు బాగుపడుతుందన్న నమ్మకం అందులో నిండా ఉంది. 1948లో నెహ్రూ ఇక్కడ విశాఖకొచ్చి జల ఉష ఓడని నీళ్లలోకి దింపింది కూడా అలాంటి నమ్మకంతోనే.

ఇప్పుడు, తర్వాత డాడాలో చేరిన ఫ్రెంచి చిత్రకారుడు పికాబియా 1915లో గీసిన స్పార్క్ ప్లగ్ బొమ్మ తీసి చూడమ్మా. నున్నటి గీత, కింద మర, మా ఆఫీసులోంచి వచ్చిన షీటులాగే ఉంటుంది. ప్లగ్ మీద ‘ఫరెవర్’ అని రాశాడు. బొమ్మకి పెట్టిన పేరేమో ఒక అమెరికన్ అమ్మాయి చిత్రమని. నా కళ్లు ముందు కొలతల కోసం వెతికాయి. ఒక్కటీ లేదు. స్కేలు లేదు, ఏ లోహమో రాయలేదు. దాన్ని ఇస్తే ఏ మెషినిస్టూ ఏదీ చేయలేడు. దిదరో విప్పి చెప్పడానికి వాడిన గీతతోనే ఇతను దేనికీ పనికిరాని యంత్రం గీశాడు. అదే ఏడాది అదే రకం డ్రాయింగుల మీద యూరప్ ఫ్యాక్టరీల్లో ఫిరంగి గుళ్లు తయారవుతున్నాయి. ఆ గీత మీద అపనమ్మకం కలగడం నాకు న్యాయంగానే తోస్తుంది.

కాబట్టి ఉద్యమం పేరు చూసి తీర్పు చెప్పకు. బొమ్మ ముందు నిలబడి, ఈ గీత ఎవరికి ఏ పని చేసిపెడుతోందని అడుగు. డాడావాళ్లు హేతువుని నిలదీశారంటే, దేన్నయినా నిలదీయొచ్చన్న ధైర్యం వాళ్లకి ఎన్‌లైటెన్‌మెంట్ ఇంటి నుంచి వచ్చిందే.

పెందుర్తి_టీచర్:
అందరూ యూరప్ లోపలే తిరుగుతున్నారు. పికాసో 1907లో వేసిన ‘అవిన్యోన్ యువతులు’లో కొన్ని ముఖాలు ఆఫ్రికా మాస్కుల్ని గుర్తుకుతెస్తాయి. అలాంటి మాస్కులు పారిస్ మ్యూజియంలో పోగుపడింది వలసపాలన పుణ్యాన. మనుషులంతా సమానమని చెప్పిన యూరపే వాటికి ‘ఆదిమం’ అని పేరు పెట్టి అద్దాల బీరువాల్లో ఉంచింది. ఇది చెప్పకపోతే సెమినార్ సగమే అవుతుంది. 1922లో కలకత్తాలో జర్మనీ కళాశాల బౌహౌస్ చిత్రాల ప్రదర్శన జరిగింది, అక్కడ పాఠాలు చెప్పిన క్లే, కాండిన్‌స్కీల పనులు వచ్చాయి, పక్కనే గగనేంద్రనాథ్ ఠాగూర్ వేసిన, వస్తువుల్ని కోణాలుగా విడగొట్టి చూపే క్యూబిస్టు చిత్రాలూ పెట్టారు. అదీ చదువమ్మా.

ఏయూ_ఫైన్‌ఆర్ట్స్:
చాలా థాంక్స్ మేడమ్, సార్. మరి రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ వేసిన నల్ల చతురస్రం బొమ్మ? జామెట్రీయే కదా, తాత్లిన్ పక్కన పెట్టేయనా?

సింధియా_డ్రాఫ్ట్స్‌మన్:
పెట్టకమ్మా. అది సెట్ స్క్వేరుకి లొంగే చతురస్రం కాదు, కోణాలు సరిగ్గా లంబంగా ఉండవు, చేత్తో వేసింది. 1915 డిసెంబరులో పెత్రోగ్రాద్ ఎగ్జిబిషన్‌లో దాన్ని గది మూలన, పైన తగిలించాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉండే చోటది. అతను రాసుకున్నది కూడా శుద్ధమైన అనుభూతి గురించే. అదే ఎగ్జిబిషన్‌లో తాత్లిన్ కూడా ఒక మూలనే వాడుకున్నాడు, రేకులూ తీగలూ బిగించి గోడకీ గోడకీ మధ్య వేలాడదీశాడు. ఒకాయనకి మూల అంటే పూజాస్థలం, ఇంకొకాయనకి బరువు మోసే చోటు. ఈ రెండు మూలల ఫొటోలూ దొరుకుతాయి. ఒకే స్లైడ్ మీద పక్కపక్కన పెట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టు.