ఎండాకాలం చివర కొండ గెడ్డల్లో గాలం వేట ఆపాలా? (చర్చ)

గెడ్డగట్టు (రాయగడ):

పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేసేవారికి కాలనియమం ఏదీ అక్కర లేదని, ఏ నెలలో గాలం వేసినా నష్టం ఉండదని జయపురం మిత్రులు ఒకరు గత వారం రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను కనుక విడిగా చర్చకు పెడుతున్నాను.

ట్రౌట్ అనే చేప కోసం ఫ్లై, అంటే ఈకలతో, దారాలతో కట్టిన పురుగులాంటి ఎర, వేసే ప్రాంతాలలో ఎండాకాలం చివరి వారాలను చాలా జాగ్రత్తగా చూస్తారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నది నీరు వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు ఆ నదిలో వేట మూసివేస్తారు. చంపి తినేవారికే కాదు, పట్టి వదిలేవారికి కూడా ఆ నియమం వర్తిస్తుంది. వదిలేస్తే నష్టమే లేకపోతే వారిని ఎందుకు ఆపుతున్నట్టు?

మన దగ్గర ఆ చివరి వారాలు ఆగస్టులో కాక మే నెలాఖరులో వస్తాయి. నాగావళిలోనూ, వంశధారలోనూ, కొలాబ్‌లోనూ కలిసే చిన్న గెడ్డలు, అంటే కొండవాగులు, చాలావరకు అప్పటికి పారడం మానేసి, బండల మధ్య మడుగులుగా విడిపోతాయి. మిట్టమధ్యాహ్నం అలాంటి మడుగును గట్టు మీద నుంచి కాసేపు కదలకుండా చూడండి. రాళ్ల కింద నుంచి వేలెడు ధారగా ఊట వచ్చి పడే మూలన చేపలన్నీ ఆ ధారవైపు తలలు పెట్టి, ఒకదాన్నొకటి ఆనుకుని, మొప్పలు గబగబా ఆడిస్తూ నిలబడి ఉంటాయి. మిగతా మడుగంతా ఖాళీ. ఆ మూలన ఎర వేస్తే పడని చేప ఉండదు, అలా పడడాన్ని వేట అని నేను అనలేను. గెడ్డ పారడం ఆగిన రోజు నుంచి కొత్తనీరు వచ్చి తేరుకునేదాకా మనమెవ్వరం గాలం వేయకూడదన్నది నా ప్రతిపాదన.

కొలాబ్ గాలం (జయపురం):

అన్నగారూ, ఆ మాట రాసింది నేనే కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

ట్రౌట్ నియమాన్ని తెచ్చి మన గెడ్డలకు తగిలించడం సరి కాదు. ట్రౌట్ చలినీటి చేప. 10 నుంచి 16 డిగ్రీల నీటిలో హాయిగా తిరుగుతుంది, 20 దాటితే ఆయాసపడుతుంది, 25 దగ్గర ఎక్కువసేపు ఉంటే చనిపోతుంది. అందుకే 1900 ప్రాంతంలో బ్రౌన్ ట్రౌట్‌ను కశ్మీరుకు తెచ్చినవారూ, ఆ తరువాత అవలాంచె దగ్గర రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచి నీలగిరి వాగుల్లోకి వదిలినవారూ అంత చల్లని, అంత ఎత్తైన చోట్లనే ఎంచుకున్నారు. మన గెడ్డల్లో చిన్న ఫ్లైకి పడేవి బారిలియస్ అనే చిన్న వాగుచేపలు, పరిగెలు, అప్పుడప్పుడు ఒక కొర్రమీను. ఇవి 30 డిగ్రీల నీటిలో తరతరాలుగా బతుకుతున్నవే. కొర్రమీనైతే నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుని మరీ బతుకుతుంది. వీటికి మోంటానా ఉష్ణమాపకం పెట్టి కొలవడం ఎందుకు?

రెండో విషయం నాకు ఇంకా ముఖ్యమైనది. మడుగులు చిక్కిపోయే రోజుల్లోనే చేపలను చంపడానికి బ్లీచింగ్ పొడి చల్లేవారూ, నీళ్లలో పేలుడు తూటాలు పేల్చేవారూ గెడ్డకు వస్తారు. ఒక్క తూటాతో మడుగులోని చేప, చేపపిల్ల, పీత అన్నీ తేలిపోతాయి. గట్టున గాలాలు పట్టుకుని నలుగురం కూర్చుని ఉంటే వారు ఆ పని చేయడానికి జంకుతారు. మీ ప్రతిపాదన ప్రకారం అందరం ఇళ్లలో కూర్చుంటే, సరిగ్గా ఆ నెల రోజులూ గెడ్డను వారికి అప్పగించినట్టే అవుతుంది. హిమాచల్‌లోని తీర్థన్ లోయలో ట్రౌట్‌ను ఊరివారు కాచుకుంటున్నారంటే, వేటకు వచ్చేవారి వల్ల వారికి నాలుగు డబ్బులు రావడం కూడా అందుకు కారణమని అక్కడ తిరిగినప్పుడు నాకు అర్థమైంది.

కావాలంటే వేళ కుదిద్దాం. తెల్లవారుజామున 5 నుంచి 8 వరకే వేద్దాం, ముల్లు లేని కొక్కేలే వాడదాం. పూర్తిగా ఆపడం మాత్రం నాకు సమ్మతం కాదు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని, గాలం సరదా కూడా ఉన్నవాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. తమ్ముడు జయపురం నుంచి రాసినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం దగ్గరే ఆగితే ప్రమాదం కూడా ఉంది.

మన చేపలు వేడికి ఓర్చుకుంటాయన్నది నిజమే. కానీ ట్రౌట్ విషయంలోనైనా వేడి ఒక్కటే శత్రువు కాదు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాములు కరిగితే, 20 డిగ్రీల దగ్గర 9.1, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే కరుగుతుంది. కొరాపుట్ ఎత్తులో గాలి పీడనం తక్కువ కనుక ఇందులో ఇంకో పదోవంతు కోత పడుతుంది. అదే సమయంలో నీరు 10 డిగ్రీలు వేడెక్కితే చేప శరీరానికి కావలసిన ప్రాణవాయువు దాదాపు రెట్టింపు అవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఆ స్థితిలో గాలానికి పడిన చేప పెనుగులాడుతుంది. కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. అది తేరుకోవడానికి గంటలు పడుతుంది, ఆ గంటలన్నీ మళ్లీ ప్రాణవాయువు కావలసినవే.

ఇక గాలిలోకి ఎత్తడం సంగతి. నీళ్లలో విడివిడిగా రెపరెపలాడే మొప్పల పొరలు గాలిలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి, చేపకు ఊపిరి ఆగినట్టే. 1992లో ఫెర్గుసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్‌ను అలిసిపోయేదాకా తరిమి పరీక్షించారు. తరిమి నీళ్లలోనే ఉంచినవాటిలో 12 శాతం చనిపోగా, ఆపైన 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. ప్రయోగశాలలో పూర్తిగా అలసిపోయిన చేపల లెక్క ఇది. నదిలో నేర్పరి చేతిలో పడిన చేపకు ఇదే శాతం వర్తిస్తుందని నేను అనను. అయినా ఫోటో కోసం నిమిషం సేపు చేపను పైకెత్తి పట్టుకునేవారు ఈ అంకెలను గుర్తు పెట్టుకోవాలి. ఇలా చనిపోయేవన్నీ మన కళ్ల ముందే చనిపోవు. చేతిలోంచి జారి ఈదుకుంటూ పోయిన చేప బతికిందనే మనం అనుకుంటాం. మరికొన్ని గంటలకు అది రాయి సందున వెల్లకిలా పడి ఉంటే, చూడడానికి మనం అక్కడ ఉండం.

ఇప్పుడు తెల్లవారుజాము ప్రతిపాదన గురించి. ట్రౌట్ నదులలో అది మంచి నియమమే. అవి పారే నదులు, రాళ్ల మీద నురగలు కక్కుతూ దూకే నీటిలో గాలి ఎప్పటికప్పుడు కలుస్తూ ఉంటుంది కనుక, అక్కడ నీరు చల్లగా ఉండే ఉదయమే చేపకు సుఖమైన వేళ. కదలని మడుగులో లెక్క వేరు. పాచి పట్టిన మడుగులో పగలు ఎండకు పాచి ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రంతా అదే పాచి, అడుగున కుళ్లే ఆకులు, చేపలు అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు నీరు అన్నిటికన్నా చల్లగా ఉన్నా, ప్రాణవాయువు మాత్రం అన్నిటికన్నా తక్కువగా ఉండేది అప్పుడే. చెరువుల్లో చేపలు పెంచే రైతును అడగండి, చేపలు పైకి తేలి నోళ్లు తెరిచే వేళ ఏదో ఆయన చెబుతాడు. తమ్ముడు మంచి ఉద్దేశంతో కుదిర్చిన వేళ మడుగు చేపకు అత్యంత కష్టమైన వేళ.

దేవమాలి (కొరాపుట్):

పెద్దలకు నమస్కారం. నాదొక చిన్న సందేహం. మన ఒడిశా రాష్ట్రంలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ 1,672 మీటర్లు ఉంది కదా. ఆ వాలుల్లోని చల్లని వాగుల్లో ట్రౌట్ పిల్లలను వదిలితే మనవాళ్లు ట్రౌట్ కోసం హిమాచల్‌లోని కులూ దాకా వెళ్లే పని తప్పుతుంది, కింది గెడ్డల మీద భారమూ తగ్గుతుంది. అది సాధ్యమేనా?

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

బాబూ, చర్చ దారి మళ్లకుండా క్లుప్తంగా చెబుతాను. సాధ్యమా అన్నదాని కన్నా ముందు, చేయదగినదా అని అడగాలి. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల పట్టికలో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఉన్నాయి. పరాయి చేప విదేశాల నుంచే రావాలని కూడా లేదు. లోనావాలా దగ్గర పెంచిన నీలిరెక్కల మహసీర్ అనే పెద్ద నదిచేపను కావేరిలో వదిలిన తరువాత, ఆ నదికే ప్రత్యేకమైన మూపురపు మహసీర్ అడుగంటిపోయి, 2018లో అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాకు చేరింది. దేవమాలి వాగుల్లో ఉన్న చిన్న చేపలను ఉన్నట్టే ఉండనివ్వాలి.

కొలాబ్ గాలం (జయపురం):

మాస్టారూ, ప్రాణవాయువు గురించి మీరు చెప్పిన మాట ఒప్పుకుంటున్నాను. పారడం ఆగిన మడుగులకు తెల్లవారుజాము నియమం పనికిరాదు. అయితే అన్ని నీళ్లనూ ఒకే గాటన కట్టవద్దని నా మనవి. సన్నగానైనా పారుతూ, రాళ్ల మీద దూకుతూ ఉన్న భాగాలు పెద్ద నదులలో మే నెలలో కూడా ఉంటాయి. అక్కడ ఉదయం పూట, బలమైన దారంతో త్వరగా లాగి, చేపను నీళ్లలోంచి ఎత్తకుండానే కొక్కెం తీసేవారిని ఆపడంలో అర్థం లేదు. తూటాల సంగతికి మీ ఇద్దరిలో ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదు.

గెడ్డగట్టు (రాయగడ):

తమ్ముడు అడిగిన తూటాల సంగతికి ముందుగా చెబుతాను. గట్టున మనిషి ఉండడం వల్ల మేలు జరుగుతోందంటే, ఆ మేలు మనిషి వల్లనే కానీ గాలం వల్ల కాదు. గాలం ఇంట్లో పెట్టి కూడా గెడ్డకు వెళ్లవచ్చు. సంబల్‌పూర్ దగ్గర హుమాలో, మహానదిలో గుడి పక్క మడుగు చేపలను ఎవరూ పట్టరు. అక్కడ కాపలా కాసేది భక్తి. మన ఊళ్లలో కూడా దేవుడి మడుగుగా వదిలేసిన నీళ్లను చూసినవారు ఈ వేదికలో ఉంటారు, వారు రాస్తే బాగుంటుంది.

ఇక నేను మొదట చెప్పకుండా వదిలిన అసలు కారణం. హిమాచల్‌లో ట్రౌట్ వేటను నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా మూసివేస్తారు, ఎందుకంటే ట్రౌట్ గుడ్లు పెట్టేది చలికాలంలో. అదే రాష్ట్రంలో జలాశయాల చేపలకు మాత్రం వానాకాలం మొదట్లో రెండు నెలలు నిషేధం. ఒకే ప్రభుత్వం రెండు రకాల చేపలకు రెండు కాలాలు పాటిస్తోంది. ట్రౌట్ పుస్తకం నుంచి మనం తెచ్చుకోవలసింది 20 డిగ్రీల అంకె కాదు, చేప గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి వేటకాలాన్ని నిర్ణయించే ఆ పద్ధతి. మన గెడ్డ చేపల్లో చాలావాటికి గుడ్లు పెట్టే కాలం వానలతో మొదలవుతుంది. తొలకరికి ఎర్రనీరు దిగగానే అవి ఎదురెక్కడం మన తాతల కాలం నుంచి అందరూ చూస్తున్నదే. అంటే మే చివర ఆ ఊట మూలన ఇరుక్కుని నిలబడిన చేపల్లో కడుపునిండా గుడ్లు నింపుకుంటున్న ఆడచేపలు ఉంటాయి. ఏడాది మొత్తంలో వాటికి ఎక్కడికీ పారిపోయే దారి లేని నెల, వాటి ప్రాణం అన్నిటికన్నా విలువైన నెల ఒకటే. చేప చావకపోయినా, ఆ అలసట గుడ్ల మీద పడకుండా ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

పారే భాగాల గురించి తమ్ముడి మాటకు కొంత బలం ఉంది. మే దాకా దానికి అభ్యంతరం చెప్పను. కొత్తనీరు దిగిన తరువాత మాత్రం పారే నీరైనా సరే వదిలేయాలి, ఎదురెక్కే చేప వచ్చేది ఆ దారినే.

ఈ నియమం ఎవరికి అన్నది కూడా స్పష్టంగా చెప్పాలి. మావులు, ఊతలు అనే అల్లిన బుట్టలు పెట్టి చేపలు పట్టుకుని పూటకు కూరగా నాలుగు పరిగెలు తీసుకెళ్లే కొండ ఊళ్ల ఆడవాళ్లకు నేను నియమం చెప్పబోవడం లేదు. ఆ నీళ్లు వారివి. వేల రూపాయల రీళ్లు, కర్రలు కొనుక్కుని, సరదా కోసం పట్టణాల నుంచి బండ్లు వేసుకుని వెళ్లే మనం ముందుగా ఆగాలి. మనం ఆగకుండా వారిని ఆపమని అటవీశాఖకు అర్జీలు రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది, అలాంటి అర్జీ ఒకటి ఈ మధ్య మనవారి చేతుల్లో తిరుగుతోంది కనుక ఈ మాట రాయవలసి వచ్చింది. నేను దానిమీద సంతకం చేయను.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

అర్జీ విషయంలో రాయగడ వారితో నేనూ ఏకీభవిస్తున్నాను. మిగిలిన తగవు పారే భాగాలది. దాన్ని మాటలతో కాకుండా కొలతలతో తేల్చవచ్చు. మామూలు ఉష్ణమాపకం చాలు. చేపల రైతులు వాడే ప్రాణవాయువు పరీక్ష సామగ్రి దొరికితే మరీ మంచిది. ఈ మే నెలలో ఎవరి గెడ్డ దగ్గర వారు తెల్లవారుజామున 5 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి, పారే చోట, ఆగిన మడుగులో విడివిడిగా కొలిచి ఇక్కడ రాయండి. జయపురం తమ్ముడు కొలాబ్ వైపు, నేను మహేంద్రతనయ నది వైపు చూస్తాం. నాగావళి పై గెడ్డలకు రాయగడ వారు ఒప్పుకుంటే సరిపోతుంది. కొలిచేటప్పుడు ఎవరూ గాలం తీసుకెళ్లవద్దని మాత్రం నా షరతు.

కొలాబ్ గాలం (జయపురం):

షరతుకు ఒప్పుకుంటున్నాను మాస్టారూ. అయితే మడుగు లోతు కూడా రాయాలి, మోకాలి లోతు మడుగుకూ నిలువు లోతు మడుగుకూ ఒకే అంకె వేస్తే నేను మళ్లీ తగువుకు వస్తాను.