దుమ్ము లాగే బ్లోయర్ మోత: స్పీడు తగ్గించాలా, సైలెన్సర్ పెట్టాలా?

చీమకుర్తి షెడ్డు:
అందరికీ నమస్కారం. చీమకుర్తిలో మాది చిన్న గ్రానైట్ కటింగ్ షెడ్డు. స్లాబుల పాలిషింగ్ నీళ్లతోనే జరుగుతుంది కాబట్టి దాంతో గొడవ లేదు. అంచులు అరగదీసేది మాత్రం చేతి గ్రైండర్లతో, పొడిగానే. ఆ దుమ్ము లాగడానికి నాలుగు గ్రైండర్ల దగ్గర గొట్టాలు, గుడ్డ సంచుల్లో దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టరు ఒకటి, దాని వెనక 15 హెచ్‌పీ సెంట్రిఫ్యుగల్ బ్లోయర్ పెట్టుకున్నాం. రెండు నెలలుగా లాగడం తగ్గింది, మోత పెరిగింది. ఎప్పుడూ వచ్చే శబ్దం కాదు, ఆగి ఆగి గుబగుబమంటోంది. వెనక వీధి వాళ్లు రాత్రి షిఫ్టు ఆపమంటున్నారు, వాళ్ల తప్పేం లేదు, పిల్లలున్న ఇళ్లు. ప్యానెల్ పనిచేసే అతను డ్రైవ్ (మోటారు స్పీడు మార్చే పెట్టె) పెట్టి 50 హెర్ట్జ్ నుంచి 40కి దించమంటున్నాడు. బ్లోయర్ అమ్మినాయన సైలెన్సర్ పెట్టమంటున్నాడు. రెండూ ఖర్చే. ముందు ఏది చెయ్యాలి?

ఒంగోలు ప్యానెల్ పని:
డ్రైవే పెట్టండి. స్పీడు 20 శాతం తగ్గితే ఫ్యాను తినే కరెంటు దాదాపు సగానికి వస్తుంది, శబ్దం 5 డెసిబెల్స్ దాకా దిగుతుంది. సైలెన్సర్ వల్ల కరెంటు బిల్లు రూపాయి కూడా తగ్గదు. మోటారు ఎన్ని ఆంప్స్ తీసుకుంటోంది?

చీమకుర్తి షెడ్డు:
కొత్తలో 18 ఉండేది. ఇవాళ క్లాంప్ మీటరు పెడితే 13 చూపించింది.

ఒంగోలు ప్యానెల్ పని:
అయితే మోటారు మీద బరువేం లేదు. ధైర్యంగా స్పీడు తగ్గించండి.

నెల్లూరు రైసుమిల్లు ఫిట్టర్:
తమ్ముడూ, ఆ 13 చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. సెంట్రిఫ్యుగల్ బ్లోయర్‌లో గాలి ఎంత పోతే మోటారుకు అంత పని. ఆంప్స్ పడిపోయాయంటే గాలి పోవడం లేదని అర్థం. మా మిల్లులో ఊక లాగే గొట్టం పూడుకుపోయినప్పుడల్లా ముందు తెలిసేది ఆంప్స్ మీటర్లోనే, ముల్లు కిందికి వస్తుంది. రూట్స్ బ్లోయర్ (రెండు రోటర్లతో గాలిని బలవంతంగా నెట్టేది) అయితే దీనికి ఉల్టా, అక్కడ దారి మూసుకుంటే ఆంప్స్ పెరుగుతాయి. ఏ బ్లోయరో తెలియకుండా మీటరు చూసి తీర్పు చెప్పకూడదు.

గుబగుబ శబ్దానికీ కారణం అదే అయ్యుంటుంది. గాలి దారి బిగుసుకుపోతే బ్లోయర్ లోపల తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌లో గాలి నిలకడగా నడవదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి సైలెన్సర్ బిగిస్తే జ్వరానికి తడిగుడ్డ వేసినట్టే.

ఇక 40 హెర్ట్జ్ సంగతి. రాతి దుమ్ము డక్టులో కింద పడకుండా సాగాలంటే గాలి సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగంతో పోవాలి. మీది 20కి కట్టిన డక్టే అనుకున్నా, 40 హెర్ట్జ్‌లో 16కి వస్తుంది. నెల తిరిగేసరికి వంపుల్లో దుమ్ము మేట వేస్తుంది.

ముందు కొలవండి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఒక బారెడు తీసుకుని సగం నీళ్లు పోసి, యూ ఆకారంలో చెక్కకు కట్టండి. ఒక కొస ఫిల్టరుకు దుమ్ము వైపు, రెండోది శుభ్రమైన వైపు పెట్టండి. రెండు నీటి మట్టాల మధ్య తేడా స్కేలుతో చూడండి. 100 నుంచి 150 మిల్లీమీటర్లలోపు ఉంటే సరే. అది దాటితే సంగతి బ్యాగుల్లోనే ఉంది. ఇంకోటి, ఈ మధ్య ప్యానెల్లో వైర్లు ఏమైనా విప్పారా? ఫేజులు మారితే బ్లోయర్ వెనక్కి తిరుగుతుంది. అయినా గాలి అదే వైపు వస్తుంది, తక్కువగా వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంపెల్లర్ తిరిగే దిక్కు బాణం గుర్తుతో సరిచూడండి.

గ్రైండర్ పని, మర్రిచెట్లపాలెం:
అందరూ వెనక వీధి గురించి, బిల్లు గురించి మాట్లాడుతున్నారు. గ్రైండర్ పట్టుకుని నిలబడేవాళ్లం మేము. లాగడం తగ్గితే సాయంత్రానికి కనురెప్పలు తెల్లబడతాయి. ఊపిరితిత్తుల లోతుకు పోయేది ఆ కనబడే దుమ్ము కూడా కాదు, కంటికి ఆననంత సన్నది. సిలికోసిస్ వస్తే మందుతో వెనక్కి పోదు. దయచేసి గాలి తగ్గించే పని ఏదీ చెయ్యొద్దు. శబ్దం విషయంలోనూ మాకు రూలుంది, 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదు. నోటితో చెప్పడం కాదు, ప్రతి గొట్టం మూతి దగ్గర జానెడు దూరంలో అగరబత్తి పట్టండి. పొగ నేరుగా లోపలికి పోతేనే అది పనిచేస్తున్నట్టు.

చీమకుర్తి షెడ్డు:
ఆదివారం అన్నీ చూశాం. బాణం సరిగానే ఉంది. లెవెల్ పైపులో తేడా 240 వచ్చింది! మూత తీస్తే బ్యాగుల మీద వేలిగోరంత మందాన అట్ట కట్టింది. పొడి దుమ్ము కాదు, బురద ఎండినట్టు. బ్యాగులు దులిపే కంప్రెసర్ ట్యాంకు అడుగున డ్రెయిన్ తిప్పితే సగం బకెట్ తుప్పు నీళ్లు వచ్చాయి. ఎన్నాళ్లుగా ఎవరూ తిప్పలేదో. ఆ నీళ్లే గాలితో కలిసి బ్యాగుల మీద పడుతున్నాయి. మాస్కులు పెట్టుకుని బ్యాగులు మార్చాం. ఇప్పుడు తేడా 110, ఆంప్స్ 18. గుబగుబ పోయింది. హాపర్ (ఫిల్టరు అడుగున దుమ్ము రాలే గరాటు) కింద ఒక గాస్కెట్ చిరిగి ఈల వేస్తుంటే అదీ మార్చాం.

ఒంగోలు ప్యానెల్ పని:
ఆంప్స్ విషయంలో ఫిట్టర్ గారు చెప్పిందే నిజం, నేను తొందరపడ్డాను. కానీ డ్రైవ్ మాట వదలను. 45 హెర్ట్జ్‌లో పెడితే వేగం 18 ఉంటుంది, కరెంటు నాలుగో వంతు పైనే మిగులుతుంది. రాత్రి రెండు గ్రైండర్లే నడిచినప్పుడు ఇంకా దించొచ్చు.

నెల్లూరు రైసుమిల్లు ఫిట్టర్:
రెండే నడిచినప్పుడు దించితే మెయిన్ డక్టులో వేగం ఇంకా చస్తుంది, అది అసలే వద్దు. 45 వల్ల తగ్గేది 2 డెసిబెల్స్ చిల్లర. ఇళ్ల దగ్గర రాత్రికి నిబంధన 45 డెసిబెల్స్, ఈ రెండుతో అక్కడికి చేరతారా? బ్యాగులు బాగుపడ్డాయి కాబట్టి ఇప్పుడు సైలెన్సర్‌కు అర్థం ఉంది. గాలి బయటికి పోయే గొట్టానికి గ్లాస్‌వూల్ సైలెన్సర్ పెట్టండి, దాని మూతి ఇళ్ల వైపు కాకుండా పైకి తిప్పండి.

చీమకుర్తి షెడ్డు:
సైలెన్సర్‌కే ఆర్డరు ఇస్తున్నాను. అది వచ్చేదాకా రాత్రి షిఫ్టు ఆపేశాం, వెనక వీధిలో చెప్పి వచ్చాను. కంప్రెసర్ డ్రెయిన్ రోజూ పొద్దున తిప్పే పని నాదే. అగరబత్తి పరీక్షలో మూడు గొట్టాలు బాగున్నాయి. నాలుగోదాని దగ్గర పొగ సగం పక్కకే పోతోంది. ఆ ఫ్లెక్సిబుల్ గొట్టం లోపల నలిగినట్టుంది. రేపు మార్చి, మళ్లీ అగరబత్తి పట్టి చూసి ఇక్కడే రాస్తాను.