దుఃఖం లేనిదే ఆధ్యాత్మిక పరిణతి కలగదా?

జిజ్ఞాసువు:
మా పిన్నిగారికి ఇటీవల భర్తృవియోగం కలిగింది. పరామర్శకు వచ్చిన పెద్దలు, దేవుడు తనకు కావలసినవారినే పరీక్షిస్తాడని, ఈ బాధతో పూర్వకర్మ తరుగుతుందని ఓదార్చారు. ఆ మాటలు విన్న నాటి నుండి ఆమె దేవుని గదిలో దీపం పెట్టడమే మానేశారు. భాగవతంలో కుంతీదేవి ఆపదలే కలుగుతుండాలని కృష్ణుని వేడుకున్న మాట నిజమే. అయినా, దుఃఖపడనివారికి ఆధ్యాత్మిక పురోగతి లేదనే నియమం శాస్త్రంలో ఉన్నదా?

వేదాంత విద్యార్థి:
లేదండీ. తనను సేవించేవారు ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి (సంపద కోరేవాడు), జ్ఞాని అని నలుగురని గీత ఏడవ అధ్యాయం 16వ శ్లోకంలో కృష్ణుడు చెప్పాడు. దుఃఖంతో వచ్చినవాడు వారిలో ఒకడు మాత్రమే, తరువాతి శ్లోకం విశిష్టుడన్నది జ్ఞానిని. అర్జునుని విషాదంతోనే గీత మొదలైంది కదా అని కొందరంటారు గాని, రెండవ అధ్యాయంలో కృష్ణుడు ఆ విషాదాన్ని మెచ్చుకోకపోగా క్లైబ్యమని, అంటే పిరికితనమని గద్దించాడు. శాస్త్రం విధించని ఘోరతపస్సుతో శరీరాన్ని కృశింపజేసుకొనేవారిని పదిహేడవ అధ్యాయం ఆసుర స్వభావులన్నది.

భద్రాద్రి వాసి:
శాస్త్రం సరే, రామదాసు సంగతేమిటి? ఆలయానికి సర్కారు సొమ్ము వాడినందుకు కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని ప్రసిద్ధి. ఆ చెర లేకపోతే అంతటి ఆర్తి గల కీర్తనలు మనకు దక్కేవా?

కీర్తన శ్రోత:
దక్కేవి కావేమో. కానీ ఆ కీర్తనల్లో ఆయన ఏమన్నాడో చూడండి. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని లెక్క చెప్పి, ఈ సొమ్ములు నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అని రాముణ్ణే నిలదీశాడు; ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని బతిమాలుకున్నాడు. చెరలో ఉండి ఆయన అడిగింది విడుదలనే, పరిణతిని కాదు. పైగా గుడి కట్టించినది చెరకు ముందున్న భక్తే. మీ పిన్నిగారు దేవునిపై అలిగితే అలగనివ్వండి, దీపం పెట్టలేదని ఎవరూ మందలించకండి.

భద్రాద్రి వాసి:
ఉన్న భక్తి చెరలో పదునెక్కిందని నేను ఇప్పటికీ అంటాను. అయితే అది గోపన్న తన గురించి చెప్పుకోదగిన మాటే గాని, పరామర్శకు వెళ్లినవారు అనవలసినది కాదని ఒప్పుకుంటున్నాను. జిజ్ఞాసువు గారూ, ఆమె సరిగా తింటున్నారా, నిద్రపోతున్నారా? లేకుంటే ముందుగా వైద్యునికి చూపించండి.