ఒకే సిస్టమ్‌లో విండోస్, లినక్స్, వేర్వేరు డ్రైవ్‌లు: చేసినవాళ్ళు చెప్పండి

కొత్త_పెంగ్విన్:
డెస్క్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బోర్డు ఎం.2 స్లాట్‌లో నేరుగా అమర్చేది) మీద విండోస్ 11 ఉంది. ఒక సాటా ఎస్‌ఎస్‌డీ ఊరికే పడి ఉంది, దాని మీద లినక్స్ మింట్ వేద్దామని. ఉన్న డ్రైవ్‌నే చిన్నది చేసి పార్టిషన్లు కొట్టడం నాకిష్టం లేదు, ఆఫీసు పనంతా అందులోనే ఉంది. రెండు డ్రైవ్‌లు కాబట్టి ఒకదాని జోలికి ఇంకోటి రాదనే అనుకుంటున్నా. ఇన్‌స్టాలర్‌లో రెండో డ్రైవ్ ఎంచుకుంటే చాలా? ఇంకేమన్నా చూసుకోవాలా?

సుత్తి_శానం:
చాలదండీ. ఫైళ్ళు రెండో డ్రైవ్‌లోకే వెళ్తాయి, అందులో అనుమానం లేదు. బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ఎక్కడికి వెళ్తుందనేదే చూసుకోవాలి.

యూఈఎఫ్‌ఐ (పాత బయోస్‌కి ఇప్పటి రూపం) సిస్టమ్‌లలో ఈఎస్‌పీ అని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన చిన్న పార్టిషన్ ఒకటి ఉంటుంది. సిస్టమ్ ఆన్ చేయగానే బోర్డు వెతికేది అందులోనే. మీ విండోస్ డ్రైవ్‌లో అది ఇప్పటికే ఉంది. మింట్ 22లో ఉన్న యుబిక్విటీ ఇన్‌స్టాలర్‌తో ఏళ్ళ తరబడి ఒక పేచీ ఉంది. కింద "బూట్‌లోడర్ ఏ డివైస్‌లో వెయ్యాలి" అని అడిగిన చోట మీరు రెండో డ్రైవ్ చూపించినా, మొదటి డ్రైవ్‌లో ఉన్న ఈఎస్‌పీలోనే గ్రబ్ అనే లినక్స్ బూట్‌లోడర్‌ని పెట్టేస్తుంది. ఇళ్ళు రెండు కట్టుకుని గుమ్మం ఒకటే పెట్టుకున్నట్టు అవుతుంది. రేపు ఆ ఎన్‌వీఎంఈ పాడైనా, విండోస్ మళ్ళీ వేద్దామని దాన్ని తుడిచేసినా, మింట్ కూడా లేవదు. డేటా ఎక్కడికీ పోదు. కానీ లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) పెట్టి గ్రబ్ మళ్ళీ వేసుకోవాలి.

మింట్ వేసేటప్పుడు విండోస్ డ్రైవ్ ఊడదీసెయ్యండి. సిస్టమ్‌లో లేని డ్రైవ్ మీద ఏ ఇన్‌స్టాలరూ ఏమీ రాయలేదు.

రాత్రి_కంపైలర్:
ఊడదీయడమంటే తేలికగా చెప్పేశారు గురువుగారూ. సాటా అయితే కేబుల్ లాగేస్తే అయిపోతుంది. ఈయనది ఎన్‌వీఎంఈ. చాలా బోర్డుల్లో దాని మీద హీట్‌సింక్ ఉంటుంది, దానికి అడ్డంగా గ్రాఫిక్స్ కార్డు. ఒక స్క్రూ జారి లోపల పడిందంటే ఇక ఆ రోజు పని అంతే.

స్క్రూడ్రైవర్ లేకుండా కూడా అవుతుంది. లైవ్ యూఎస్‌బీలో జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ తెరిచి, విండోస్ ఈఎస్‌పీకి ఉన్న బూట్, ఈఎస్‌పీ అనే రెండు ఫ్లాగులు తీసెయ్యండి. ఇన్‌స్టాలర్ కంటికి అది మామూలు పార్టిషన్ అయిపోతుంది. సాటా డ్రైవ్‌లో 500 ఎంబీతో కొత్త ఈఎస్‌పీ, మిగతాది లినక్స్ కోసం ఎక్స్‌టీ4 ఫార్మాట్. ఇన్‌స్టాల్ అయ్యాక ఫ్లాగులు తిరిగి పెట్టెయ్యండి. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తా.

సుత్తి_శానం:
పనిచేస్తుంది, కాదనను. కానీ ఇన్‌స్టాల్ అయిపోయిన ఉత్సాహంలో ఫ్లాగులు తిరిగి పెట్టడం మర్చిపోయేవాళ్ళనే ఎక్కువ చూశాను. మొదటిసారి చేసేవాళ్ళకి ఊడదీయడమే చెప్తా. కొన్ని బోర్డుల్లో బయోస్‌లోనే ఆ పోర్టునో ఎం.2 స్లాట్‌నో డిజేబుల్ చేసే వీలుంటుంది, ముందు అది ఉందేమో చూడండి.

తర్వాతెప్పుడైనా విండోస్ మళ్ళీ వెయ్యాల్సి వస్తే అప్పుడూ ఇదే జాగ్రత్త. విండోస్ సెటప్ కూడా ఇంకో డ్రైవ్‌లో ఈఎస్‌పీ కనబడితే తన బూట్ ఫైళ్ళు అందులో వేసుకోవచ్చు. అప్పుడు మింట్ డ్రైవ్ తీసి పక్కన పెట్టాలి.

ఖాళీ_స్లాట్:
ల్యాప్‌టాప్ వాళ్ళకి ఒక మాట. నాది రెండు ఎం.2 స్లాట్లున్న ల్యాప్‌టాప్. లినక్స్ ఇన్‌స్టాలర్ తెరిస్తే ఒక్క డ్రైవూ కనబడలేదు. బయోస్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలో ఉంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. అలాగని నేరుగా మార్చేస్తే విండోస్ నీలం స్క్రీన్ చూపించి ఆగిపోతుంది. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ మోడ్ బూట్ పెట్టండి. రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళండి. ఏహెచ్‌సీఐ డ్రైవర్ అప్పుడు లోడ్ అవుతుంది. తర్వాత సేఫ్ మోడ్ టిక్ తీసెయ్యడమే.

డెస్క్‌టాప్ వాళ్ళు బోర్డు మాన్యువల్ ఒకసారి చూసుకోండి. కొన్నింట్లో ఎం.2 స్లాట్ నిండితే ఏదో ఒక సాటా పోర్టు పనిచెయ్యదు. డ్రైవ్ పోయిందని కంగారు పడే ముందు పోర్టు మార్చి చూడండి.

ఎఫ్12_భక్తుడు:
ఎవరూ బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఊసే ఎత్తలేదేంటి? ఈ తంతులో మనిషికి చెమటలు పట్టించేది అదే. విండోస్ 11 ఉన్న చాలా సిస్టమ్‌లలో మనం అడగకుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్ళనే నడవనిచ్చే సెట్టింగ్) మార్చినా, బూట్ దారి మారినా, విండోస్ లేవకుండా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. పైన @ఖాళీ_స్లాట్ చెప్పిన మార్పుకి ముందు కూడా ఆ కీ చేతిలో ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయ్యిందో లేదో చూసి, ఫోన్‌లో ఫొటో కాదు, కాగితం మీద రాసి పెట్టుకోండి.

విండోస్‌ని గ్రబ్ మెనూ నుంచి తెరవొద్దని నేను పోరు పెట్టేది కూడా ఇందుకే. గ్రబ్ మీదుగా వెళ్తే టీపీఎం (బిట్‌లాకర్ కీని కాపాడే చిప్) కొలతలు మారి కీ అడగొచ్చు. ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి బోర్డు బూట్ మెనూలో డ్రైవ్ ఎంచుకుంటే ఆ గొడవ లేదు. తయారీదారుని బట్టి అది ఎఫ్8, ఎఫ్11, ఎస్కేప్ ఏదైనా కావచ్చు.

రాత్రి_కంపైలర్:
రోజుకి రెండు మూడుసార్లు మారేవాళ్ళు ఎఫ్12 కొడుతూ కూర్చోలేరు బ్రో. బిట్‌లాకర్ లేనివాళ్ళకి గ్రబ్ మెనూయే హాయి. గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లని వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అందుకే కొన్ని డిస్ట్రోల్లో విండోస్ మెనూలో కనబడదు. సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని ఆన్ చేసి గ్రబ్ అప్‌డేట్ చేస్తే వస్తుంది. లేదా ఈఎఫ్‌ఐ‌బూట్‌ఎంజీఆర్ అనే లినక్స్ కమాండ్‌తో "వచ్చే ఒక్క బూట్‌కి మాత్రం విండోస్" అని చెప్పి రీస్టార్ట్ కొట్టొచ్చు. అప్పుడు గ్రబ్ మధ్యలో ఉండదు కాబట్టి మీ బిట్‌లాకర్ కూడా నోరు మూసుకుంటుంది.

ఎఫ్12_భక్తుడు:
ఆ చివరిది బాగుంది. ఒప్పుకున్నా. పేరు మాత్రం మార్చుకోను.

పాత_కీబోర్డ్:
డ్రైవ్‌లు వేరైతే సంబంధం తెగిపోతుందన్నది సగం నిజమే. మదర్‌బోర్డు ఒకటే కదా. బూట్ ఎంట్రీలు ఉండేది బోర్డు మెమరీలో. గడియారం బోర్డుది. సెక్యూర్ బూట్ వివరాలూ అక్కడే. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ గుర్తుందా? పాత షిమ్ (సెక్యూర్ బూట్ ఒప్పుకునేలా గ్రబ్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్) ఉన్న లినక్స్ సిస్టమ్‌లు "ఎస్‌బాట్ సరిచూడటం విఫలమైంది" అన్న అర్థంలో ఎర్రర్ చూపించి ఆగిపోయాయి. ఆ అప్‌డేట్ కొత్త ఎస్‌బాట్ నియమాలు (లోపాలున్న పాత బూట్ ఫైళ్ళని ఆపేవి) రాసింది బోర్డులోకి. లినక్స్ ఏ డ్రైవ్‌లో ఉన్నా తేడా లేదు. సెక్యూర్ బూట్ కాసేపు ఆఫ్ చేసి, మోక్‌యుటిల్ అనే టూల్‌తో ఆ పాలసీ తీసేసి, డిస్ట్రో అప్‌డేట్ చేసుకుని మళ్ళీ ఆన్ చేసుకోవాల్సి వచ్చింది.

గడియారం సంగతి చిన్నదే. విండోస్ బోర్డు గడియారాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగానే టైమ్ గంటల కొద్దీ తేడా వస్తుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ విలువ 1 పెడితే చాలు. లినక్స్‌నే లోకల్ టైమ్‌కి మార్చేవాళ్ళున్నారు, నాకది నచ్చదు.

ఇంకోటి, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చెయ్యండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్‌లోంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడానికే వస్తుంది, రాయనివ్వదు. బలవంతంగా రాయించడానికి చూడకండి, ఫైల్ సిస్టమ్ చెడుతుంది.

గేమ్_ఓవర్_అన్న:
మూడో డ్రైవ్ కూడా పెట్టి రెండువైపులా ఒకే స్టీమ్ లైబ్రరీ వాడదామనుకునేవాళ్ళకి: వద్దు. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో లినక్స్ పర్మిషన్లు, సిమ్‌లింకులు (ఇంకో ఫైల్‌కి దారి చూపేవి) ఉండవు, విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌కి అవి కావాలి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌తో నడుస్తుందంటారు, నడుస్తుంది కూడా, ఏదో ఒక గేమ్ మొండికేసే దాకా. ఫొటోలకీ డాక్యుమెంట్లకీ మాత్రం ఉమ్మడి ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ నిక్షేపంగా పనిచేస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డ్రైవ్‌లు మౌంట్ చెయ్యాలో చెప్పే లినక్స్ ఫైల్) ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కాకుండా యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) రాయండి, ఆ పేర్లు బూట్ బూట్‌కీ మారొచ్చు. పక్కన నోఫెయిల్ కూడా పెట్టండి. లేకపోతే ఆ డ్రైవ్ ఊడదీసిన రోజు లినక్స్ బూట్ మధ్యలో ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

కొత్త_పెంగ్విన్:
అందరికీ థాంక్స్. బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసుకున్నా. నా బయోస్‌లో ఎం.2 ఆఫ్ చేసే వీలు లేదు, అందుకని హీట్‌సింక్ విప్పి ఎన్‌వీఎంఈ తీసేసే మింట్ వేశా. గ్రాఫిక్స్ కార్డు అడ్డం రాలేదు. తిరిగి పెట్టాక ఒకసారి సాటా కేబుల్ తీసి చూశా, విండోస్ ఒక్కటే లేచింది. ఎన్‌వీఎంఈ లేకుండా మింట్ ముందే లేచింది. కేబుల్ మళ్ళీ పెట్టాక బూట్ ఆర్డర్‌లో విండోస్ పైకి వచ్చేసింది, బయోస్‌లో మార్చుకున్నా.

రెండు సందేహాలు మిగిలాయి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మింట్ డ్రైవ్ కనబడుతోంది, ఎవరైనా పొరపాటున ఫార్మాట్ కొడతారేమోనని భయం. రెండోది, బ్లూటూత్ మౌస్ మింట్‌లో పెయిర్ చేస్తే విండోస్‌లో పోతోంది, అక్కడ చేస్తే ఇక్కడ పోతోంది.

సుత్తి_శానం:
మొదటిదానికి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆఫ్‌లైన్ పెట్టండి. విండోస్ వరకే అది వర్తిస్తుంది, మింట్‌కి తెలియను కూడా తెలియదు.

పాత_కీబోర్డ్:
మౌస్ సంగతి నేను చెప్తా. బ్లూటూత్ అడాప్టర్ ఒకటే, దాని అడ్రస్ ఒకటే. మౌస్ ఒక అడ్రస్‌కి ఒకే కీ గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి పెయిర్ చేస్తే కొత్త కీ వచ్చి పాతది చెల్లకుండా పోతుంది. ముందు మింట్‌లో పెయిర్ చెయ్యండి, తర్వాత విండోస్‌లో. ఇక మౌస్‌ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టొద్దు. మింట్‌లోకి వచ్చి, విండోస్ డ్రైవ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ అనే టూల్‌తో రిజిస్ట్రీలో బీటీహెచ్‌పోర్ట్ కింద ఉన్న కీ చదవండి. దాన్ని మింట్‌లో వార్/లిబ్/బ్లూటూత్ ఫోల్డర్ లోపల ఆ మౌస్ అడ్రస్ పేరుగా ఉన్న ఫోల్డర్‌లోని ఇన్ఫో ఫైల్‌లో పాత కీ స్థానంలో పెట్టి, బ్లూటూత్ సర్వీస్ రీస్టార్ట్ చెయ్యండి. మీది బ్లూటూత్ ఎల్‌ఈ మౌస్ అయితే ఒక్క కీతో అవ్వదు, మార్చాల్సిన విలువలు ఇంకొన్ని ఉంటాయి. పెయిర్ చేసినప్పుడల్లా మౌస్ అడ్రస్ కూడా మారొచ్చు, అప్పుడు ఫోల్డర్ పేరు కూడా మార్చాలి. మౌస్ మోడల్ ఏంటో ఇక్కడ పెట్టండి, చూద్దాం.

రాత్రి_కంపైలర్:
లేదా యూఎస్‌బీ డాంగిల్ ఉన్న మౌస్ కొనుక్కోండి.